బ్రూనో కోసం అమ్మడికి

గుంటూరు, కొరిటెపాడు
మార్చి మొదటి వారం

అమ్మడూ,

నిన్న రాత్రి ఫోన్‌లో "పెద్దమ్మా, మా కుక్క బ్రూనో మెట్ల దగ్గర ఆగిపోయి నా మొహంలోకి చూశాడు" అని ఏడ్చావు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. మా కుక్కలు రాజు, రాణి, చిట్టి, ముగ్గురూ ఈ ఇంట్లోనే ముసలివాళ్లయి ఈ ఇంట్లోనే పోయారు. మొదటి ఇద్దరి విషయంలో తప్పులు చేశాను. అవి నువ్వు చెయ్యకూడదనే ఈ ఉత్తరం.

ముందు డాక్టరు సంగతి. "పన్నెండేళ్లొచ్చాయి, ఇంక ఇంతేలే" అనుకుని ఊరుకోవద్దు. ల్యాబ్రడార్‌కి 12 ఏళ్లంటే నిండు వయసే, కాదనను. కానీ ముసలితనం వేరు, జబ్బు వేరు. నీళ్లు ఎక్కువ తాగుతూ మాటిమాటికీ పాసు పోస్తుంటే కిడ్నీలు చూడాలి, షుగర్ చూడాలి. మొరుగు బొంగురుపోయి, నడిస్తే ఊపిరి గరగరలాడుతుంటే గొంతు చూపించాలి. ముసలి ల్యాబ్రడార్లకు గొంతు దగ్గర కండరాలు పట్టు తప్పడం మామూలే, ఎండాకాలంలో అది ప్రాణం మీదకి వస్తుంది. పిడుదుల జ్వరాన్ని కూడా చాలామంది ముసలితనం కింద జమకట్టేస్తారు. తిండి మానేసి, నీరసంగా పడుకుని, చిగుళ్లు తెల్లగా పాలిపోతే వెంటనే రక్తపరీక్ష చేయించు. మందులు వాడితే తగ్గే జబ్బు అది. పటమట నుంచి మీకు గన్నవరం వెటర్నరీ కాలేజీ ఎంతో దూరం కాదు, అక్కడ ఆసుపత్రి ఉంది. ఎండ ముదరకముందే ఒకసారి తీసుకెళ్లి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకుని రా.

నొప్పి మాత్రల దగ్గర చాలా జాగ్రత్త. రాణి కాళ్లు పట్టేసి రాత్రుళ్లు మూలుగుతుంటే చూడలేక, మీ పెదనాన్న మోకాళ్లకు వాడే ఐబుప్రోఫెన్ మాత్రను వెన్నలో పెట్టి రెండు రోజులు మింగించాను. మనిషికి పనికొచ్చేది దానికెందుకు పనికిరాదు అనుకున్నాను. మూడోరోజు వాంతిలో నెత్తురు కనబడింది. కడుపులో పుండ్లు పడ్డాయన్నారు డాక్టరు. బతికింది గానీ వారం రోజులు సెలైన్ మీద ఉంది. ఐబుప్రోఫెన్, పారాసెటమాల్, డైక్లోఫెనాక్ ఏవీ నీ చేత్తో వెయ్యకు. కుక్కలకు వేరే నొప్పి మందులున్నాయి. బరువు చూసి, కిడ్నీ, లివర్ చూసి డాక్టరే రాస్తారు.

నొప్పి ఉన్న ప్రతి కుక్కా ఏడవదమ్మా. అరవడం లేదు కాబట్టి బాగానే ఉన్నాడని అనుకోవద్దు. చల్లటి పూట కూడా నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడా, పడుకోబోయి మళ్లీ లేచి చుట్టూ తిరుగుతున్నాడా, ఒకే కీలును గంటల తరబడి నాకుతున్నాడా, తల నిమిరితే పక్కకి తిప్పుకుంటున్నాడా, ఇవి చూడు. గాఢంగా నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం పాటు లెక్కపెట్టు. 30 దాటకూడదు. రెండు మూడుసార్లు చూసినా దాటుతూనే ఉంటే డాక్టరుకి ఫోన్ చెయ్యి. థర్మామీటరు కూడా ఒకటి వాడికంటూ కొను. వాళ్లకి 101 నుంచి 102.5 దాకా మామూలే, మన లెక్కలో జ్వరమని కంగారుపడకు.

ఇప్పుడు ఇల్లు. మీ ఫ్లాట్‌లో ఆ నున్నటి టైల్సే వాడికి పెద్ద శత్రువు. ముసలి కుక్క ఒకసారి జారి పడిందంటే లేచి నడవడానికే భయపడుతుంది. వాడు పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా రబ్బరు మ్యాట్లు వరసగా పరిచెయ్యి. అరికాళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించు, గోళ్లు తీయించు. సగం జారుడు వాటి వల్లే. గిన్నెలను పీట మీద పెడితే మెడ వంచే బాధ తప్పుతుంది.

లేపేటప్పుడు ముందు కాళ్లు పట్టి లాగొద్దు. పాత నూలు చీరను నాలుగు మడతలు పెట్టి, పొట్ట కింద, వెనక కాళ్లకు కాస్త ముందుగా పోనిచ్చి, రెండు కొసలూ పైకి పట్టుకో. బరువంతా ఎత్తక్కర్లేదు, కొంచెం ఆసరా ఇస్తే మిగతాది వాడే చేసుకుంటాడు. చిట్టి అయితే నేను చీర తీసుకుని రావడం చూడగానే ముందు కాళ్ల మీద లేచి కూర్చునేది, ఇంక వెనక భాగం నీ వంతు అన్నట్టు. లిఫ్టు విషయంలో మీ అసోసియేషన్ వాళ్లు గొడవ చేస్తున్నారన్నావు. పెంపుడు కుక్కల్ని లిఫ్టు ఎక్కకుండా ఆపకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి మర్యాదగా ఇవ్వు. కరెంటు పోయే రోజులు కూడా ఉంటాయి కాబట్టి చీర ఆసరాతో మెట్లు దిగడం ఇద్దరూ ఇప్పుడే అలవాటు చేసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వాళ్లు నీళ్లలో ఎన్ని అవస్థలు పడ్డారో నీకు తెలుసు. కదలలేని కుక్కను అప్పటికప్పుడు మోయడం ఎవరివల్లా కాదు.

వాడు లేవడం మానేశాక రెండు మూడు గంటలకోసారి వాణ్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలి. మోచేతులు, తుంటి ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడు. అక్కడే పుండు పడుతుంది. కింద తడి నిలవకూడదు. పాసు అంటుకున్న చోట గోరువెచ్చటి నీళ్లతో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. ఈగలు వాలనివ్వకు. చిన్న గాయంలో కూడా ఒక్కరోజులో పురుగులు పడతాయి. పక్క తడిపాడని ఎవరైనా కసిరితే నువ్వు అడ్డుపడు. పన్నెండేళ్లు ఇల్లు పాడుచెయ్యనివాడు ఇప్పుడు కావాలని చేస్తాడా?

తిండి విషయంలో మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. తినడం లేదని కోడికూర పులుసు అన్నంలో కలిపి పెట్టేస్తాం. అందులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. వాడికి చికెన్ విడిగా ఉప్పూకారం లేకుండా ఉడికించి, ఎముకలు తీసేసి, మెత్తగా జావలా చెయ్యి. కిడ్నీ బాగాలేదని తేలితే మాంసం ఎంత పెట్టాలో డాక్టరు చెప్పినట్టే. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ ఎప్పుడూ వద్దు. ముసలితనంలో వాసన తెలియకే సగం తిండి మానేస్తారు, కాస్త వేడి చేసి పెడితే తింటారు. గిన్నెలో ముట్టనిది నీ అరచేతిలో పెడితే నాకుతాడు. మాత్ర వెయ్యాలంటే ఇడ్లీ ముక్కలో దాచు. ఇంకో నెలలో కారం ఆడిస్తారు, ఆవకాయలు మొదలవుతాయి. ఆ రోజుల్లో వాణ్ని దూరంగా వేరే గదిలో పడుకోబెట్టు.

రోహిణి కార్తె తలుచుకుంటే నాకు భయంగా ఉంది. 45 డిగ్రీలకు పోయే బెజవాడ ఎండకి మనుషులే తాళలేరు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని చెమట. పొద్దున ఆరు లోపు, రాత్రి ఏడు దాటాకే బయటికి తీసుకెళ్లు. రోడ్డు మీద నీ చేతి వెనకభాగం ఆనించి చూడు, నీకు కాలితే వాడికీ కాలుతుంది. ఒళ్లు వేడెక్కితే పొట్టకి, తొడల మధ్య మామూలు నీళ్లతో తడిపి ఫ్యాను వెయ్యి. ఐసునీళ్లు పొయ్యకు. ఆ తర్వాత ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

రాత్రుళ్లు గోడ వైపు చూస్తూ నిలబడుతున్నాడనీ, సోఫా మూల ఇరుక్కుని బయటికి రాలేక అరుస్తున్నాడనీ అన్నావు. మన ముసలివాళ్లకి మతిమరుపు వచ్చినట్టే వాళ్లకీ వస్తుంది. పగలు పడుకుని రాత్రి తిరుగుతారు. డాక్టరుకి చెప్పు, దానికీ మందులున్నాయి. సామాన్లు చోటు మార్చకు. చిన్న బల్బు వేసి ఉంచు. దగ్గరికి వెళ్లి పేరు పిలిచి, వీపు మీద చెయ్యి వేసి మెల్లగా తిప్పి తీసుకొచ్చుకో. చూపు తగ్గినా, వినికిడి తగ్గినా నీ చెయ్యి ఎవరిదో వాడికి తెలుస్తుంది.

ఇక నువ్వు అడగలేక అడిగిన మాట. ఎప్పుడని ఎలా తెలుస్తుంది?

రాణి విషయంలో నాకు తెలియలేదు. తెలియలేదని అనడం కూడా అబద్ధం, చూడదలచుకోలేదు. ఈరోజు రెండు చెంచాల పెరుగు తింది, రేపు లేస్తుంది అనుకుంటూ మూడు వారాలు జరిపాను. ఆ మూడు వారాలూ నాకోసం బతికించుకున్నాను, దానికోసం కాదు.

అందుకే చిట్టి ముసలిదయ్యాక వేరేలా చేశాను. అది ఇంకా తిరుగుతుండగానే దానికి ఇష్టమైనవి మూడు రాసిపెట్టుకున్నాను. సాయంత్రం గేటు చప్పుడైతే ఎదురెళ్లడం, పెరుగన్నం గిన్నె అడుగు దాకా నాకడం, మీ పెదనాన్న చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకోవడం. వంటింట్లో పాలలెక్క రాసుకునే గోడ క్యాలెండర్ ఉంది కదా, దాని మీదే ప్రతి రాత్రీ గుర్తు పెట్టేదాన్ని. మంచి రోజైతే చుక్క, చెడ్డ రోజైతే గీత. మొదటి నెల అన్నీ చుక్కలే. రెండో నెల అక్కడక్కడా గీతలు. మూడో నెల పాలవాడికి డబ్బులిద్దామని లెక్క చూడబోతే, ఆ వారం గళ్లలో ఒక్కటే చుక్క ఉంది. గేటు చప్పుడుకి ఎదురెళ్లడం ఎప్పుడో పోయింది. పెరుగన్నం నాలుగు రోజులుగా ముట్టలేదు. చెప్పుల దగ్గరికి పాకి వెళ్లడం ఒక్కటే మిగిలింది. ఆ క్యాలెండర్ ముందే నిలబడి మీ పెదనాన్నని పిలిచాను.

లెక్క ఇంకా వివరంగా కావాలంటే, అమెరికాలో ఆలిస్ విల్లలోబోస్ అనే పశువైద్యురాలు ఒక పద్ధతి పెట్టారు. నొప్పి లేకుండా ఉన్నాడా, తింటున్నాడా, ఒంట్లో నీరు ఉందా, శుభ్రంగా ఉన్నాడా, సంతోషంగా ఉన్నాడా, కదలగలుగుతున్నాడా, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా, ఈ ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని ఆవిడ లెక్క. నువ్వొకటి, మీ ఆయనొకటి విడివిడిగా వేసి పోల్చుకోండి. నీ మార్కుల్లో ప్రేమ కలిసిపోతుంది.

బాధ లేకుండా పోవడానికి ఇంజెక్షన్ ఇప్పిస్తే పాపమని మీ అత్తగారు అన్నారట. ఆవిడతో వాదించకు, ఆవిడ భయం ఆవిడది. నా సంగతి చెబుతాను. రాణిని మూడు వారాలు మూలిగించిన పాపం నాకు ఈ రోజుకీ గుర్తొస్తుంది, చిట్టికి ఇప్పించిన ఇంజెక్షన్ పాపమని ఒక్కరోజు కూడా అనిపించలేదు. తనంతట తాను హాయిగా నిద్రలో పోతే అంతకన్నా కావలసిందేముంది? కానీ చాలాసార్లు అలా జరగదు.

ఇంటికొచ్చి చేసే డాక్టరు ఉన్నారేమో ఇప్పుడే కనుక్కుని పెట్టుకో, ఆ రోజు వెతుక్కునే ఓపిక ఉండదు. ముందు మత్తు ఇంజెక్షన్ విడిగా ఇమ్మని అడుగు. దాంతో గాఢంగా నిద్రపోతాడు. ఆ తర్వాత నరానికి ఇచ్చేది ఎక్కువ మోతాదు మత్తుమందు, కొద్ది నిమిషాల్లో గుండె ఆగిపోతుంది. కళ్లు మూతపడవు. ప్రాణం పోయాక కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి తీసినట్టు అనిపించవచ్చు, పాసు పోవచ్చు. అది బాధ కాదు, శరీరం వదులవడం. ముందే తెలిస్తే నువ్వు బెదరవు.

నువ్వు మాత్రం గదిలోనే ఉండాలి. రాజుకి ఇంజెక్షన్ ఇస్తున్నప్పుడు నేను చూడలేనని వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పుకుని నిలబడ్డాను. తర్వాత మీ పెదనాన్న చెప్పారు, చివరిదాకా వాడు తల వంటింటి వైపే తిప్పి ఉంచాడట. పదిహేనేళ్లు నా కాళ్ల చుట్టూ తిరిగిన కుక్క. చిట్టికి మాత్రం తల నా ఒళ్లో పెట్టుకుని, రోజూ పిలిచే పిలుపే పిలుస్తూ కూర్చున్నాను. ఏడుపొస్తే ఏడువు, గొంతు మాత్రం వాడికి వినబడనివ్వు.

పాపకి నిజం చెప్పు. "నిద్రపుచ్చాం" అంటే ఆరేళ్ల పిల్ల పడుకోవడానికే భయపడుతుంది. చనిపోయాడని, ఇంక రాడని చెప్పు. కావాలంటే ముందుగానే వాడి దగ్గర కూర్చుని తల నిమరనివ్వు.

మీకు అపార్ట్‌మెంట్‌లో చోటు లేదు కాబట్టి మా పొలం గట్టున, వేపచెట్టు పక్కన పెడదాం. నాలుగడుగుల లోతు తవ్వాలి, పైన మట్టి గట్టిగా తొక్కి తుమ్మకంప వెయ్యాలి, లేకపోతే వేరే కుక్కలు తవ్వేస్తాయి. బావికి, కాలవకి దూరంగా ఉండాలి. ఆ ఏర్పాటంతా మీ పెదనాన్న చూసుకుంటారు, నువ్వు దాని గురించి ఆలోచించకు.

ఇవన్నీ చదివి రేపే జరిగిపోతుందేమోనని టెన్షన్ పడకు. నువ్వు చెప్పినదాన్ని బట్టి వాడు ఇంకా తింటున్నాడు, నిన్ను చూసి తోక ఊపుతున్నాడు. ఈ రాత్రే క్యాలెండర్ మీద మొదటి చుక్క పెట్టు. వాడికి ఇష్టమైనవి మూడు ఏమిటో నాకు రాసి పంపు.

శనివారం పొద్దున్నే బస్సెక్కి వస్తాను. చిట్టి కోసం కుట్టిన మందపాటి బొంత ఉతికి ఎండలో వేశాను, అది తెస్తాను. చీరతో ఎలా లేపాలో చూపిస్తాను. ఆ రాత్రి వాడి దగ్గర నేను పడుకుంటాను, నువ్వు పాప దగ్గర కడుపునిండా నిద్రపో.

పెద్దమ్మ