లిట్టర్ బాక్సు వదిలేసి మంచం మీద పోస్తున్న పిల్లి: మా ఇంట్లో ఏం పనిచేసిందంటే

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఏడాదిన్నర మగ పిల్లి, ఇంకా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. మొన్నమొన్నటి దాకా బుద్ధిగా బాక్సులోనే, అంటే లిట్టర్ అనే మట్టిలాంటిది పోసి పెట్టిన డబ్బాలోనే, ఉచ్చ పోసేది. ఇప్పుడు మంచం మీద, మడతపెట్టిన బట్టల మీద, అప్పుడప్పుడు తలుపు వారన పోస్తోంది. మీ అత్తగారేమో "అది మన మీద పగబట్టింది, తీసుకెళ్లి ఎక్కడైనా వదిలేసి రండి" అంటున్నారు.

మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు ఒక్కటి చూడండి. అది కూర్చున్నప్పుడు ఉచ్చ వస్తోందా, లేదా? మాటిమాటికీ కూర్చుని, ముక్కి, అరిచి, చుక్కో రెండు చుక్కలో పోసి లేచిపోతుంటే, లేదా అసలేమీ రాకపోతే, రేపటిదాకా ఆగకండి. మగ పిల్లికి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. స్ఫటికాలో జిగురో అడ్డుపడి మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని ఆముదం పోస్తూ కూర్చుంటారు. వాంతులు చేసుకుంటున్నా, తిండి మానేసినా, ఉచ్చ వచ్చే చోట అదే పనిగా నాకుతున్నా అర్ధరాత్రయినా సరే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఉచ్చ మామూలుగా వస్తోందంటే కాస్త నిదానంగా ఆలోచించొచ్చు.

తలుపు వారన పోసేదీ, మంచం మీద పోసేదీ ఒకటే జబ్బని నేననుకోను. తలుపు దగ్గర నిలబడి, తోక నిటారుగా లేపి వణికిస్తూ వెనక్కి చిమ్ముతోందా? అది తన హద్దుకి గుర్తు వేసుకోవడం. ఆపరేషన్ కాని మగ పిల్లి ఆ వయసులో చేసే పనే అది. ఆ ఉచ్చకి ముక్కు పగిలే వాసన ఉండటానికీ కారణం ఉంది. మగ పిల్లుల మూత్రంలో ఫెలినైన్ అనే గంధకం ఉన్న పదార్థం ఉంటుంది, మగ హార్మోను ఉన్నంత కాలం అది ఎక్కువగానే తయారవుతుంది. ఆపరేషన్ చేయిస్తే పదింటిలో సుమారు తొమ్మిది పిల్లులు చిమ్మడం మానేస్తాయి లేదా బాగా తగ్గిస్తాయి. కొన్ని వెంటనే, కొన్ని కొన్ని నెలల మీద. కాబట్టి దీని గురించి తర్జనభర్జన అక్కర్లేదు, చేయించేయండి. హైదరాబాద్‌లో అయితే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నాయి. మీ ఊళ్లో ప్రభుత్వ పశువైద్యశాలలో కూడా అడిగి చూడండి.

మంచం మీద, బట్టల మీద గొంతుకూర్చుని పోసేది వేరు. అది మా ఇంట్లో జరిగిందే.

మా చిట్టి ఆడ పిల్లి, ఆపరేషన్ అయిపోయింది. ఉన్నట్టుండి బాత్రూం నాపరాయి మీద, ఇస్త్రీ చేసిన చీరల మీద పోయడం మొదలుపెట్టింది. మొదట వెళ్లిన క్లినిక్‌లో మూత్రం పరీక్ష చేయకుండానే యాంటీబయాటిక్ సూది వేసి పంపించారు. తగ్గలేదు. రెండోచోట మూత్రం పరీక్ష, అల్ట్రాసౌండ్ చేశారు. రక్తం కనిపించింది కానీ రాళ్లు లేవు, బాక్టీరియా లేదు. అంటే కారణం తేలని మూత్రాశయ వాపు. వయసులో ఉన్న పిల్లుల్లో ఇదే ఎక్కువ, బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ అరుదు. అందుకే పరీక్ష చేయకుండా యాంటీబయాటిక్ రాస్తానంటే కాస్త అడగండి, తప్పు లేదు. ఈ వాపుకి మనసులో బెదురు, నీళ్లు తక్కువ తాగడం రెండూ తోడవుతాయి. నొప్పికి మందిచ్చారు. మనుషుల పారాసిటమాల్ మాత్రం పొరపాటున కూడా వేయకండి, ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి.

నీళ్ల సంగతి మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. పిల్లి ఎడారి జాతి నుంచి వచ్చిన జంతువు, దాహం తక్కువ. మనం పొద్దస్తమానం ప్యాకెట్లో వచ్చే ఎండు గింజల్లాంటి తిండి పెడతాం. నేను ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ వేయకుండా ఉడికించిన చికెన్‌ని ఆ నీళ్లతో సహా ఆ తిండిలో కలిపి పలచగా పెట్టడం మొదలుపెట్టాను. నీళ్ల గిన్నె తిండి పక్కన కాకుండా దూరంగా, వెడల్పాటిది పెట్టాను. బాక్సులో ఉచ్చకి తడిసి లిట్టర్ కట్టే గడ్డలు పెద్దవైతే లోపలికి నీళ్లు వెళ్తున్నట్టే లెక్క.

నొప్పి తగ్గాక కూడా చిట్టి బాక్సు వైపు చూడలేదు. డాక్టరు చెప్పిన కారణం నాకు నచ్చింది: అక్కడ పోసినప్పుడల్లా మంట పుట్టింది, కాబట్టి మంటకి ఆ బాక్సే కారణమని దాని లెక్క. పాత బాక్సుని కడిగి అదే మూలన పెట్టి "వెళ్లు, వెళ్లు" అంటే వెళ్లదు. వేరే ఆకారం, వేరే చోటు, వేరే లిట్టర్ ఇవ్వాలి.

బజారులో పిల్లి బాక్సులని అమ్మేవి చాలామట్టుకు చిన్నవి. పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఎంత పొడవుంటే దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. నేను స్టీలు సామాన్ల కొట్లో దొరికే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కొని, ఒకవైపు అంచు కోయించాను. మూత ఉన్న బాక్సులు మన ముక్కు కోసం చేసినవి, దాని ముక్కు కోసం కాదు. లావెండర్ వాసన లిట్టరూ అంతే. వాసన లేని, సన్నటి, గడ్డకట్టే బెంటొనైట్ మట్టి రెండు మూడు అంగుళాల మందాన పోస్తే ఎక్కువ పిల్లులు ఇష్టపడతాయి. కొత్తది మార్చాలంటే ఒక్కసారిగా మార్చకుండా పక్కన ఇంకో బాక్సులో పోసి, ఏది వాడుతుందో చూడండి. ఎంపిక దానికే వదిలేయడం మేలు.

ఎన్ని బాక్సులు అంటే, పిల్లులెన్నో అన్ని, పైన ఒకటి. మీకు ఒక్కటే పిల్లి కాబట్టి రెండు. రెండూ పక్కపక్కన పెడితే పిల్లి దృష్టిలో అది ఒకటే. మీ బాక్సు వాషింగ్ మెషిన్ పక్కన ఉందన్నారు. స్పిన్ మొదలైనప్పుడు అది లోపల ఉంటే ఇంకేముంది! ఒకటి హాల్లో ఓ మూలకి తీసుకురండి, చూడటానికి బాగోకపోయినా సరే. రోజుకి రెండుసార్లు గడ్డలు తీసేయండి.

ఇక మన తెలుగిళ్ల ప్రత్యేకత: ఫినాయిల్. పిల్లి పోసిన చోట ఫినాయిలో డెటాలో పోసి కడగనిదే మనకి తృప్తి ఉండదు. పిల్లి కాలేయానికి వీటిలో ఉండే ఫినాల్ లాంటి రసాయనాలని విరిచి బయటికి పంపే శక్తి చాలా తక్కువ. నేల మీది ఫినాయిల్ పాదాలకి అంటుతుంది, అది నాకుతుంది, లోపలికి పోతుంది. పిల్లి రాకుండా మంచం కింద కలరా ఉండలు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, అవీ విషమే. బ్లీచింగ్ కూడా వద్దు, ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే మన ఊపిరితిత్తులకే ప్రమాదం.

తడి ఉండగానే పాత గుడ్డతో అద్ది తీయాలి, రుద్దకూడదు. తర్వాత ఎంజైములున్న బట్టల సబ్బుపొడి నీళ్లలో కలిపి, బాగా తడిపి, కాసేపు నాననిచ్చి, మంచినీళ్లతో తుడవాలి. పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైము స్ప్రే దొరికితే ఇంకా మంచిది, కానీ పైపైన చల్లితే లాభం లేదు, ఉచ్చ ఎంత లోతుకి దిగిందో అదీ అంత లోతుకి దిగాలి. పూర్తిగా పోకపోతే ఎండాకాలం అంతా వాసన లేనట్టే ఉండి, గాలిలో తేమ చేరగానే గుప్పున లేస్తుంది. మనకి తెలియకపోయినా పిల్లికి తెలుస్తుంది, మళ్లీ అక్కడే పోస్తుంది. చీకట్లో అతినీల కాంతి టార్చి వేస్తే పాత మరకలు మెరుస్తాయి. దూది పరుపయితే విప్పి ఎండబెట్టించుకోవచ్చు. ఫోమ్ పరుపు లోపలి దాకా తడిస్తే, నిజం చెప్పాలంటే, ఆశ వదులుకోవడమే.

మా ఇంట్లో ఆఖరి చిక్కు బయటి నుంచి వచ్చింది. వీధిలోని గండుపిల్లి ఒకటి రాత్రిళ్లు బాల్కనీ గ్రిల్ దగ్గరికొచ్చి కూర్చునేది. చిట్టి కిటికీ దగ్గర బిగుసుకుపోయి, తెల్లారేసరికి ఏదో ఒకచోట పోసేది. ఆ అద్దానికి కింది సగం మసక స్టిక్కరు అతికించాం, బాల్కనీలో మిగిలిన తిండి పెట్టడం మానేశాం. గండుపిల్లి రావడం తగ్గింది, దీని గొడవా తగ్గింది. మీ ఇంట్లోనూ ఈ మధ్య ఏం మారిందో గుర్తుచేసుకోండి: కొత్త పనిమనిషి, రంగులు వేయడం, చుట్టాలు, కొత్త సోఫా.

కొట్టడం, ఉచ్చలో ముక్కు రాయడం లాంటివి చేయకండి. దానివల్ల పిల్లి నేర్చుకునేది ఒక్కటే, మీరు చూడని చోట పోయడం.

మీ అత్తగారికి పగ సంగతి వాదించి లాభం లేదు. మూత్రం పరీక్ష రిపోర్టు చూపించండి, రోగమంటే పెద్దవాళ్లకి జాలి పుడుతుంది. తిండీ నీళ్లూ దొరకని చోట జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరమని కూడా చెవిన వేయొచ్చు, అది మీ ఆయన చేత చెప్పిస్తే మంచిది. ఈలోగా పడకగది తలుపు వేసి ఉంచండి, ఉతికిన బట్టలు బీరువాలోకి పోవాలి, పరుపు మీద పసిపిల్లలకి వేసే రబ్బరు షీటు పరవండి. ఉచ్చ సరిగ్గా వస్తోందో లేదో మాత్రం ఇవాళే చూసి ఇక్కడ రాయండి.