డబ్బా మీద అక్షరం: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నీ కథ చదివాను. డాలస్ శివార్లలో సాఫ్ట్‌వేర్ కుర్రాడు, పక్కింట్లో రిటైరైన అమెరికన్ పెద్దాయన, ఆయన గ్యారేజీలో రైఫిల్ తూటాలు సొంతంగా నింపుకునే ప్రెస్, నవంబర్‌లో జింకల సీజన్. ఆ గ్యారేజీలోకి మన కథలు పెద్దగా తొంగిచూడలేదు. కుర్రాడి భార్య పడే టెన్షన్, ఇండియాకి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి దాటేయడం బాగా కుదిరాయి. వాటి జోలికి వెళ్లను. ఒక్క సీను గురించే రాస్తున్నాను.

"పెద్దాయన అలమరలోంచి అన్నిటికన్నా మంచి పౌడర్ తీసి చేతికిచ్చాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో పాఠకుడు చూడాల్సిన చోటు సరిగ్గా అదే. తూటాలో పోసే మందునే పౌడర్ అంటారు, అందులో అన్నిటికన్నా మంచిది అంటూ ఏదీ లేదు. ఏ తూటా, ఎంత బరువు బుల్లెట్ (తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క), ఎంత పొడవు బ్యారెల్, ఏ కాలంలో పేల్చేది, ఇవన్నీ తేలాక గానీ ఏది పనికొస్తుందో తేలదు. మా ఇంట్లో ఆవిడ గొణుగుతున్నా నా గ్యారేజీలోనూ ఒక ప్రెస్ ఉంది కాబట్టి చెబుతున్నాను: ఈ పనిలో ఆలోచనంతా పౌడర్ ఎంపిక దగ్గరే ఉంటుంది. మిగతాది చాలావరకు చేతి అలవాటు.

అసలు విషయం మండే వేగం. పొయ్యిలో చితుకులు వేస్తే భగ్గుమని అయిపోతాయి, మొద్దు పెడితే నిదానంగా కాలుతుంది. తూటాలోనూ అంతే, కాకపోతే ఇక్కడ కథంతా సెకనులో వెయ్యో వంతుకు అటూఇటూగా ముగిసిపోతుంది. పిస్టల్‌కి వాడే త్వరగా మండే పౌడర్‌ని రైఫిల్ కేసు, అంటే తూటా లోహపు గొట్టం, నిండా పోస్తే, బుల్లెట్ ముందుకు కదిలి చోటు ఇచ్చేలోపే ఒత్తిడి హద్దు దాటి తుపాకీ పగులుతుంది. నీ కుర్రాడి రైఫిల్ వాడే తూటా రకం .308 విన్‌చెస్టర్ అన్నావు. దానికి అమెరికాలో పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అదంతా జరిగేది పేల్చేవాడి ముఖానికి జానెడు దూరంలో. మరీ నిదానంగా మండేది పోస్తేనో, కేసు నిండినా చాలినంత వేగం రాదు, కాలని పలుకులు బ్యారెల్లోనే మిగిలిపోతాయి. అందుకే .308లో 168 గ్రెయిన్ల బుల్లెట్‌కి మధ్యరకం వేగం ఉన్న వార్‌గెట్, ఐఎంఆర్ 4064, హెచ్4895 లాంటి పౌడర్ల వైపు చూస్తారు. పెద్ద కేసుండే .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అయితే ఇంకా నిదానమైన వాటి వైపు వెళ్తారు. బరువుల మాట వచ్చింది కాబట్టి, పౌండుకి 7,000 గ్రెయిన్లు అని కథలో ఎక్కడో కలుపు. లేకపోతే మనవాళ్లు పలుకులు లెక్కపెట్టి పోస్తారనుకుంటారు.

ఇక నువ్వు రాసిన "నల్లటి పొడి". నువ్వు దగ్గరగా చూడలేదని ఆ రెండు మాటలతో తెలిసిపోయింది. ఐఎంఆర్ 4064 చిటికెడు తెల్లకాగితం మీద పోయించి చూడు. పొడి కనిపించదు. గ్రాఫైట్ పూతతో బూడిదరంగులో మెరిసే చిన్న పుల్లలు కనిపిస్తాయి. ఒకదాన్ని కొసవైపు నుంచి భూతద్దంలో చూస్తే మధ్యలో సన్నటి రంధ్రం. ఆ రంధ్రం ఊరికే లేదు. పుల్ల బయటనుంచి కాలుతూ సన్నబడుతుంటే, లోపలినుంచి రంధ్రం పెద్దదవుతూ ఉంటుంది. బయట తగ్గిన మంట లోపల పెరిగి, మొత్తం మీద మండే ఉపరితలం ఇంచుమించు ఒకేలా నిలుస్తుంది. నేనైతే దీనికి ఒక పేరా మొత్తం ఇచ్చేస్తాను.

ఆ పుల్లల వల్ల ఒక తలనొప్పి కూడా ఉంది. కొలిచి పోసే పరికరం పిడి లాగినప్పుడు పొడుగు పుల్ల అడ్డంపడి కటుక్కుమని తెగుతుంది, కొలత అటూఇటూ అవుతుంది. గుండ్రటి పలుకులుండే బాల్ పౌడర్ అయితే నీళ్లలా జారిపోతుంది, ప్రతిసారీ కొలత దాదాపు ఒకటే. మరి పెద్దాయన పుల్లల రకమే ఎందుకు పట్టుకున్నాడు? టెక్సస్ కాబట్టి అనిపించు. కొన్ని పౌడర్లు ఎండకి ఒత్తిడి పెంచేస్తాయి. జనవరి చలిలో సరిపెట్టుకున్న తూటా జులైలో ట్రక్కులో గంటసేపు పడుంటే అదే తూటాలా ప్రవర్తించదు. వార్‌గెట్ కూడా పుల్లల రకమే, దాన్ని ఆస్ట్రేలియాలో మల్వాలా దగ్గర తయారుచేస్తారు, వేడికీ చలికీ పెద్దగా మారదని దానికి పేరు. ఆ నిలకడ కోసం ఆయన కొలత సుఖం వదులుకుని ప్రతి తూటాకీ విడిగా తూకం వేస్తాడు. ఏం కావాలనుకున్నాడో, దానికోసం ఏం వదులుకున్నాడో రెండూ చూపిస్తే ఆ మనిషి గురించి వేరే వర్ణన అక్కర్లేదు. షాపులో ఆయనకి కావలసింది దొరక్కపోవడం కూడా నిజ జీవితంలో మామూలే. 2020 తర్వాత అమెరికాలో చాలా షాపుల్లో పౌడర్ అరలు ఖాళీగా కనిపించాయి. ఎంపికని ఒక్కోసారి అలమర నిర్ణయిస్తుంది.

ఇప్పుడు నిన్ను కాస్త గట్టిగానే అడగాల్సిన సంగతి. ఒక పేజీలో "హెచ్4831" అని, రెండు పేజీల తర్వాత "ఐఎంఆర్ 4831" అని రాశావు. ఒకటే అనుకున్నట్టున్నావు. కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం దగ్గర మిగిలిపోయిన పౌడర్‌ని బ్రూస్ హాడ్జ్‌డన్ కొని వేటగాళ్లకి అమ్మడం మొదలుపెట్టాడు. 20 మిల్లీమీటర్ల ఫిరంగుల కోసం చేసిన పౌడర్ అలా వచ్చి హెచ్4831 అయింది. 1970ల్లో డ్యూపాంట్ కంపెనీ అదే అంకెతో ఐఎంఆర్ 4831 తెచ్చింది. అది ఇంకాస్త త్వరగా మండుతుంది. ఒకదాని లెక్కతో రెండోది పోస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. 2003లో ఐఎంఆర్ కూడా హాడ్జ్‌డన్ కంపెనీ చేతికే వచ్చింది కాబట్టి రెండు డబ్బాలూ ఒకే కంపెనీవి, ఒకే అంకె, తేడా ముందున్న అక్షరాల్లో. ఉత్కంఠ కోసం రాత్రి వాన, కరెంటు పోవడం పెట్టావు. ఆ రెండు డబ్బాలని పక్కపక్కన పెట్టి, కుర్రాడి చెయ్యి ఒకదాని వైపు వెళ్లేలా రాయి, చాలు. వానని తీసేయొచ్చు.

పోసే పౌడర్ బరువు మాత్రం కథలో ఎక్కడా ఇవ్వకు. నీ డ్రాఫ్టులో దశాంశంతో సహా ఉంది. అది ఆ రైఫిల్‌కి, ఆ బుల్లెట్‌కి, ఆ ప్రైమర్‌కి (కేసు అడుగున పౌడర్‌ని అంటించే చిన్న మూత), ఆ విడతలో తయారైన పౌడర్‌కి సరిపోయిన లెక్క. ఎవడో దాన్ని వంట కొలతలా రాసుకుంటే? పెద్దాయన చేత పౌడర్ కొలతలు ఇచ్చే కొత్త మాన్యువల్ తెరిపించు. అందులో ఇచ్చిన అతి తక్కువ కొలతతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతూ, పేల్చిన ప్రతి కేసునీ తిప్పి చూస్తాడు: ప్రైమర్ అంచులు చదునైపోయాయా, తూటా వెనక మూసే బోల్టు ఎత్తడానికి బిగుసుకుందా అని. ఇలాంటి గుర్తులు కనిపించేసరికే ఆలస్యం కావచ్చని కూడా ఆయనకి తెలుసు, అందుకే మాన్యువల్‌లోని గరిష్ఠాన్ని దాటడు. తక్కువ పోస్తే క్షేమం అనుకుంటాడు మన కుర్రాడు. అదీ తప్పే. నిదానంగా మండే పౌడర్‌ని మాన్యువల్ చెప్పిన కనిష్ఠం కన్నా తగ్గించినా ప్రమాదమే. ఈ రెండో సంగతి దగ్గర పాఠకుడు తప్పకుండా ఆగుతాడు.

తెలుగు పాఠకుడికి దగ్గరగా ఉంటుందని కథని నల్లమలకి మార్చనా అని అడిగావు. వద్దు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా మందుగుండు తయారుచేయడం మన దగ్గర నేరం, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట సంగతి సరేసరి. నల్లమలలో నాటు తుపాకీ ఉంటే అది గొట్టం నోట్లోంచి నల్ల తుపాకిమందు దట్టించే తుపాకీ. 1884లో ఫ్రాన్సులో పాల్ వియెయ్ పొగరాని పౌడర్ కనిపెట్టడానికి ముందటి ప్రపంచం అది. ఆ కథ వేరు, మనుషులు వేరు. హైదరాబాద్ పాఠకుడికి గగన్ నారంగ్ 2012 లండన్ కాంస్యం గుర్తుంటుంది. అది ఎయిర్ రైఫిల్, అందులో పౌడరే ఉండదు. కుర్రాడు మొదటి రోజు ఆ మాట అనడం, పెద్దాయన నవ్వడం పెట్టుకో, వంతెన అయిపోయింది.

వచ్చే శనివారం ఈ పని తెలిసిన పెద్దాయన ఎవరి దగ్గరికైనా వెళ్లు. ఏదీ ముట్టుకోకుండా, ప్రశ్నలు తగ్గించి పక్కన నిలబడు. బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఎందుకు ఉంచుతాడో, పని అయ్యాక పరికరంలో మిగిలింది ఏ డబ్బాలోకి తిరిగి పోస్తాడో, లేబుల్ ఊడిపోయిన డబ్బా దొరికితే ఏం చేస్తాడో చూడు. అది రాసి పంపు. ఆయన ఎన్ని గ్రెయిన్లు పోశాడో మాత్రం నాక్కూడా చెప్పకు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య