షెడ్డు పెడుతున్న శ్రీనుకి పెదనాన్న ఉత్తరం

చి. శ్రీనుకి,

పెదనాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. మీ పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గాయి.

సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగం మానేసి తాడేపల్లిగూడెంలో సొంతంగా కార్ల రిపేరు షెడ్డు పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి మాటలో కంగారు తెలుస్తూనే ఉంది. నాకూ గుండె దడదడలాడింది. అయినా ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మని పిలిచి, వంటింట్లోంచి వచ్చేదాకా ఆగలేక, "మన శ్రీనుగాడు షెడ్డు తెరుస్తున్నాడే" అని గట్టిగా చెప్పాను. ఆటోనగర్‌లో నాతో కలిసి పనిచేసిన వాళ్ళ పిల్లలెవరూ ఈ పనిలోకి రాలేదు. రానివ్వలేదు అనడం నిజం. సంబంధాల వాళ్ళు అడిగితే మీ అమ్మ కూడా "కార్ల కంపెనీలో చేస్తున్నాడు" అంటుంది గానీ మెకానిక్ అని చెప్పదు. ఆవిణ్ణి నేను తప్పు పట్టను. మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్తే ఏదో ఒకటి బాగుచేసి ఇంకోటి పాడుచేసి పంపుతాడన్న పేరు ఎవరో బయటివాళ్ళు తెచ్చింది కాదు, మన పనివాళ్ళే తెచ్చుకున్నారు.

అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఓపిగ్గా చదువు.

అద్దె అగ్రిమెంటు రాయించుకో. త్రీ ఫేజ్ కరెంటుకి ఇప్పుడే అర్జీ పెట్టు, ఎర్తింగ్ మంచి ఎలక్ట్రీషియన్ చేత చేయించు. పాత ఇంజిన్ ఆయిలు కాలవలో పొయ్యనివ్వకు, డ్రమ్ములో పట్టి లైసెన్సున్న వాళ్ళకే ఇవ్వు. ఖాళీ ఆయిలు డబ్బాలు చిల్లు పెట్టి గానీ బయట పడెయ్యకు, వాటిలో దొంగ ఆయిలు నింపి మళ్ళీ అమ్మేవాళ్ళుంటారు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నువ్వు కొన్న స్కానర్, అదే బండి కంప్యూటర్‌లో లోపాల కోడ్లు చదివే మిషను, ఫోటో చూశాను. మంచి పని చేశావు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (కొత్త పొగ నియమాల) బండ్ల ముందు అది లేకుండా కూర్చోలేం. కానీ నట్టుని కావలసినంత బలంతోనే బిగించే పానా, టార్క్ రెంచ్, కొన్నావా అని అడిగితే "తర్వాత చూద్దాం పెదనాన్నా" అన్నావు. అది విని నాకు ఒళ్ళు మండింది. స్కానర్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏం మార్చాలో చెప్పదు. పి0171 అని కోడ్ వచ్చిందనుకో. ఇంజిన్‌కి గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతోందని దానర్థం. ఇంజిన్‌కి గాలి వెళ్ళే ఇన్‌టేక్ హోసు చీలి ఉండొచ్చు, పెట్రోలు పంపులో ప్రెషర్ పడిపోయి ఉండొచ్చు, గాలిని కొలిచే సెన్సర్‌కి దుమ్ము పట్టి ఉండొచ్చు. వంగి, టార్చి వేసి, చేత్తో తడిమి చూసే ఓపిక లేనివాడు ఆక్సిజన్ సెన్సర్ మార్చేసి బిల్లు వేస్తాడు. వారం తిరక్కుండా ఇంజిన్ హెచ్చరిక లైటు మళ్ళీ వెలుగుతుంది.

ఇక టార్క్ రెంచ్ సంగతి. ఇంపాక్ట్ గన్ అనే మిషన్‌తో వీల్ నట్లు బిగించి వదిలెయ్యడం ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. చాలా చిన్న కార్ల వీల్ నట్టుకి 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. గన్ ఎంత బిగించిందో గన్ పట్టుకున్నవాడికే తెలియదు. నట్టు ఎక్కే స్టడ్డు సాగిపోతుంది, బ్రేక్ డిస్కు వంకర పోతుంది. వాళ్ళ ఖర్మకి హైవే మీద రాత్రిపూట పంక్చరైతే, డిక్కీలో ఉన్న చిన్న పానాతో ఆ నట్టు ఎవరూ విప్పలేరు. నట్టు మొదట చేత్తో ఎక్కించు. ఎదురెదురుగా బిగించుకుంటూ రా. చివర్న రెంచ్ టక్‌మనేదాకా లాగి ఆపు. ఇదేమంత కష్టం?

మొన్న మా వీధిలో రిటైరైన మాస్టారి కారు ముందు చక్రం దగ్గర గీరుకుంటున్న శబ్దం. పెద్ద సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్ళారు. బ్రేక్ ప్యాడ్లు మార్చారు, డిస్కులు మార్చారు, ఇంజిన్ ఫ్లషింగ్ అని ఇంకేదో కూడా రాశారు. బిల్లు కట్టి ఇంటికొచ్చేసరికి మళ్ళీ అదే శబ్దం. ఆయన నా దగ్గరికొచ్చి "చూస్తారా" అన్నాడు. చక్రం విప్పాను. డిస్కు వెనకాల పల్చటి రేకు కవచం ఉంటుంది కదా, దానికీ డిస్కుకీ మధ్య శనగగింజంత రాయి ఇరుక్కుని ఉంది. పాత డిస్కు తీసినప్పుడు ఆ రాయి రేకు మడతలో కూర్చుంది, కొత్త డిస్కు వేశాక మళ్ళీ అక్కడికే చేరింది. స్క్రూడ్రైవర్‌తో రేకుని కాస్త ఎడంగా పట్టేసరికి టప్పున కింద పడింది.

ఆ పని చేసిన కుర్రాడు చేతకానివాడు కాదు. ప్యాడ్లు వేసిన తీరు చూశాను, పిన్నులకి గ్రీజు రాసి శుభ్రంగా వేశాడు. కానీ ఆ శబ్దం ఎలా ఉందో వాడు వినలేదు. మాస్టారు చెప్పింది సర్వీస్ అడ్వైజర్‌కి. అడ్వైజర్ కంప్యూటర్‌లో "బ్రేక్ నాయిస్" అని రెండు ముక్కలు కొట్టాడు. కుర్రాడి చేతికి అందింది ఆ రెండు ముక్కలు, పని ముగించాల్సిన టైము. బండి ఎవరిదో వాడికి తెలియదు, పని ఎవరు చేశారో మాస్టారికి తెలియదు. అలాంటి చోట ఎంత మంచి పనివాడికైనా పని మీద ప్రేమ ఎక్కణ్ణుంచి వస్తుంది? నువ్వూ అలాంటి చోటు నుంచే వస్తున్నావు. అందుకే నీ షెడ్డులో ఒక్కటి మానకు. బండి తెచ్చినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే ఒక రౌండు తిప్పు. ఆ శబ్దం ఆయన చెవికి ఎప్పుడు వినిపిస్తోందో, మలుపులోనా, గతుకులోనా, బ్రేక్ వేసినప్పుడా, నీ చెవితో విను. పని అయ్యాక మళ్ళీ ఆయనతోనే తిప్పు. మార్చిన పాత సామాను ఆయన చేతిలో పెట్టు.

ఇప్పుడు చెప్పబోయేది మీ నాన్నని అడిగే రాస్తున్నాను. "నువ్వే రాయి అన్నయ్యా, నేను నోటితో చెప్పలేను" అన్నాడు.

1986 వేసవి. మీ నాన్నకి ఇంకా పెళ్ళి కాలేదు. ఇద్దరం బెజవాడ ఆటోనగర్‌లో ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ళం. చేతిపనిలో వాడు నాకంటే నయం. ఒక ఆదివారం సాయంత్రం టాక్సీ అంబాసిడర్ ఒకటి వచ్చింది, స్టీరింగ్ ఆడుతోందని. ఎడమ పక్క టై రాడ్ ఎండు, అంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివర కీలు, అరిగిపోయింది. మీ నాన్న కొత్తది వేశాడు. దాని నట్టు తల మీద గాళ్ళుంటాయి, బోల్టుకి అడ్డంగా చిల్లు ఉంటుంది. గాడీ చిల్లూ ఎదురుగా వచ్చేలా బిగించి, అందులోంచి స్ప్లిట్ పిన్ను దూర్చి రెండు కాళ్ళూ విడదీసి మడవాలి. ఎంత గతుకుల్లో అదిరినా నట్టు తిరక్కుండా పట్టి ఉంచేది ఆ పిన్నే. కొత్త పిన్ను లేదు. స్పేర్ల కొట్లు మూసేశారు. పెళ్ళివారు ఎదురుచూస్తున్నారని డ్రైవరు నెత్తిన కూర్చున్నాడు. మీ నాన్న పాత పిన్నునే సుత్తితో సాపుచేసి వేశాడు.

ఒకసారి మడిచి సాపుచేసిన పిన్నుని మళ్ళీ మడిస్తే మడత దగ్గర పగులిస్తుంది. కంటికి కనబడదు, పైన గ్రీజు కప్పేస్తుంది.

బండి కొన్నాళ్ళు బాగానే తిరిగింది. తర్వాత ఒక రాత్రి బందరు రోడ్డు మీద, కంకిపాడు దాటాక, పిన్ను విరిగి రాలిపోయింది, నట్టు ఊడింది, ఎండు దాని గూట్లోంచి జారింది. డ్రైవరు స్టీరింగ్ కుడికి తిప్పితే కుడి చక్రమే తిరిగింది. ఎడమ చక్రం దాని ఇష్టం వచ్చినట్టు పోయింది. పక్కనే కాలవ. గట్టు మీద చెట్టుకి గుద్దుకుని ఆగింది గానీ లేకపోతే బండితో సహా నీళ్ళలోకే. వెనక సీట్లో ముసలాయనకి చెయ్యి విరిగింది. ప్రాణాలు దక్కాయి.

మర్నాడు పొద్దున్నే డ్రైవరు ఆ ఎండుని తువ్వాల్లో చుట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. కేకలు వెయ్యలేదు. "చూడండి" అన్నాడంతే. డూప్లికేట్ స్పేరు అని చెప్పేస్తే అయిపోయేది. పిన్ను ఎక్కడో రోడ్డు మీద పోయింది, సాక్ష్యం లేదు. మా మేస్త్రి కూడా ఆ మాటే అనడానికి నోరు తెరిచాడు. మీ నాన్న ముందుకొచ్చి "పాత పిన్ను వేశానండీ, నేనే" అన్నాడు. పాతికేళ్ళు కూడా లేవు వాడికి. చేతులు వణుకుతున్నాయి. బండి రిపేరుకీ, ముసలాయన ఆసుపత్రికీ వాడి జీతం చాలారోజులు పోయింది. నాకూ చేతనైంది ఇచ్చాను. ఆ డ్రైవరు మళ్ళీ మా షెడ్డుకి రాలేదు. మా ముందు నుంచే పక్క సందులోకి పోయేవాడు. అతను అటు వెళ్ళినప్పుడల్లా మీ నాన్న చేతిలో పని ఆపేసేవాడు.

అప్పట్నుంచి వాడి చొక్కా జేబులో ఒక నశ్యం డబ్బా ఉండేది, నిండా కొత్త స్ప్లిట్ పిన్నులు, సైజులవారీగా. చిన్నప్పుడు నువ్వు చెవి దగ్గర ఆడిస్తూ తిరిగిన డబ్బా అదే. పని మానేసేదాకా వాడు ఆ డబ్బా లేకుండా బండి కిందికి దూరలేదు.

నీ బండ్లలో చాలా చోట్ల స్ప్లిట్ పిన్ను బదులు నైలాన్ రింగున్న లాక్ నట్టు వస్తుంది. అదీ ఒక్కసారికే. విప్పితే కొత్తది వెయ్యి. స్టీరింగ్, బ్రేకులు ముట్టుకున్న ప్రతి బండికీ, హెల్పర్ చేసిన పని అయినా సరే, ఆఖరిసారి నట్టు నట్టునా నువ్వే చెయ్యి పెట్టి చూడు. బ్రేక్ ఆయిలు డబ్బా, ఇంజిన్ ఆయిలు డబ్బా ఒక అలమరలో ఉంచకు. పొరపాటున ఇంజిన్ ఆయిలు బ్రేకుల్లో పోస్తే లోపల రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. ఏసీ బాగోకపోతే మనిషికి చెమట పడుతుంది, అంతేగా. నేను భయపడేది స్టీరింగ్, బ్రేకుల గురించే.

హెల్పర్ గురించి కూడా ఒక మాట. మా రోజుల్లో పదేళ్ళ పిల్లల్ని తెచ్చి షెడ్డుల్లో పడేసేవాళ్ళు. నువ్వు పద్నాలుగు నిండని వాణ్ణి గడప తొక్కనివ్వకు, చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. పద్దెనిమిది నిండిన, ఐటీఐ చదివిన కుర్రాణ్ణి చూసుకో. వాడికి పని చూపించు. మా మేస్త్రులు ట్యాపెట్లు సెట్ చేసే (ఇంజిన్ వాల్వుల సందు సరిచేసే) వేళకి కుర్రాళ్ళని టీ తెమ్మని పంపేవాళ్ళు. కిటుకు తెలిస్తే కుర్రాడు రేపు ఎదురు షెడ్డు పెడతాడని వాళ్ళ భయం. టీ తెచ్చేసరికి వాల్వ్ కవర్ బిగించేసి ఉండేది. అలా సగం సగం నేర్చుకున్నవాళ్ళు మేస్త్రులయ్యారు, వాళ్ళ కింద పావువంతు నేర్చుకున్నవాళ్ళు ఇంకొందరు. ఇవాళ పనితనం పోయిందని ఫోన్లని, కుర్రకారుని తిట్టే పెద్దవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. దసరాకి పానాలకి పసుపు కుంకుమ పెట్టి, మర్నాడే బేరింగుని సుత్తితో కొట్టి కూర్చోబెట్టిన మేస్త్రుల్ని నేను కళ్ళారా చూశాను. బేరింగు ప్రెస్‌తో ఎందుకు ఎక్కించాలో, సుత్తి దెబ్బకి లోపలి గుండ్ల దారిలో సొట్టలు ఎలా పడతాయో నీ హెల్పర్‌కి విప్పి చూపించు. తెలిశాక వాడు నేర్చుకుని వెళ్ళిపోయినా సరే. పానా విసరకు, బూతులు తిట్టకు.

ఇంకొకటి, దీన్ని మాత్రం సలహా అనుకోకు, ఆజ్ఞ అనుకో. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరావో నేను తాడేపల్లిగూడెం వచ్చి షట్టరు దించేస్తాను. చక్రం మార్చే రెండు నిమిషాలైనా సరే, స్టాండ్లు పెట్టి, బండిని ఒకసారి ఊపి చూసి అప్పుడు దూరు. నువ్వు ఇంట్లో ఒక్కడివే కొడుకువి. మీ అమ్మ నిద్రపోదు, నేనూ పోను.

డబ్బు విషయంలో మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. పక్కవాడు రెండు గంటల్లో ఇచ్చే బండిని నువ్వు సాయంత్రం ఇస్తావు, జనం అడుగుతారు. ఏం చూశావో, ఎందుకు ఆలస్యమైందో వాళ్ళకి చెప్పు. కొందరు వినరు, పోతారు. పోనీ. అప్పు కోసం ముద్ర లోనుకి బ్యాంకులో అడుగు, రోజువారీ వడ్డీ వాళ్ళ గడప ఎక్కకు. అద్దాల గది, ఏసీ, సోఫాలు ఇప్పుడొద్దు. ఆ డబ్బుతో మంచి లైట్లు పెట్టించు, చీకట్లో పనిచేసేవాడు పగుళ్ళు చూడలేడు.

బేరింగ్ పుల్లరూ ఫీలర్ గేజీ కొనకు. నావి ఉన్నాయి, నూనె రాసి గుడ్డలో చుట్టి ఉంచాను, నేను వచ్చేటప్పుడు తెస్తాను. ముహూర్తం మాత్రం దసరా రోజుల్లో పెట్టించకు. అమ్మవారి రద్దీకి బెజవాడలో రైలెక్కడం నావల్ల కాదు, మీ పెద్దమ్మనీ తీసుకురావాలి. టార్క్ రెంచ్, స్టాండ్లు కొన్న రోజున ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న