జీడితోట చేపట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి లక్ష్మికి పెదనాన్న ఆశీస్సులు.

నీవు ఉద్యోగం మాని మందస దగ్గరి మన జీడితోటను చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషించాను, అంతలోనే మిగిలిన ముసలి చెట్ల మొదళ్లు తలపుకు వచ్చి గుబులు పుట్టింది.

కొత్తగా నాటదలిస్తే బాపట్లలో రూపొందిన బీపీపీ-8 రకం జీడి అంటుమొక్కలు తెచ్చుకో. పూత వేళ చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగును కనిపెట్టి ఉండు. ఇవి ఎవరైనా చెబుతారు. నా భయమంతా కాండం, వేరు తొలిచే పురుగు గురించే.

ఎర్రగోధుమ రంగు పెంకుపురుగు నేలకు దగ్గరగా, బెరడు పగుళ్లలోనూ బయటపడిన వేళ్లమీదా గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు బెరడు కిందికి చేరి అడ్డదిడ్డంగా తొలుచుకుంటూ పోతే, ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు చేరే దారి తెగిపోతుంది. ఆకు పసుపెక్కే నాటికి మన చేతిలో ఏమీ మిగలదు. కనుక కొమ్మలు చూస్తూ నడవకు, మొదళ్ల దగ్గర కూర్చుని చూడు. బంక కారినా, రంపపు పొట్టు వంటిది రాలినా, ఉలితో ఆ మేరకే బెరడు ఎత్తి, పురుగును ఏరి చంపి, గాయానికి ఐదు శాతం వేపనూనె ద్రావణం పూయాలి. చెట్టు చుట్టూ బెరడు తీసేశావంటే పురుగు చేయవలసిన పని నువ్వే చేసినట్టు.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన తోటలో కూలినవి కూలగా, సగం ఒరిగి వేళ్లు బయటపడిన చెట్లు పచ్చగానే నిలిచాయి. పరిహారం లెక్క రాసుకునేవారు వచ్చేదాకా మీ నాన్న దేనినీ కదపనివ్వలేదు. వారు వచ్చి వెళ్లాక కూడా, ఒరిగినవి చిగురిస్తున్నాయి కదా అని గొడ్డలి పడనివ్వలేదు. తండ్రి నాటిన చెట్లు మరి. నేనెంత అరిచినా వినలేదు. ఆ వేళ్లే పురుగులకు పురిటిగదులయ్యాయి. తరువాతి ఏళ్లలో బావి గట్టున నిక్షేపంలా ఉన్న వరుస ఒక్కొక్క చెట్టుగా పసుపెక్కింది. చివరికి నరికించిన మొద్దులనైనా బయటికి తోలించక, వంటచెరకుకని తోటలోనే పేర్చాడు. లోపల సున్నపు గూళ్లలో దాగిన పురుగులు రెక్కలు వచ్చి ఎగిరిపోవడానికి చెట్టు బతికి ఉండనక్కరలేదమ్మా. వాడిని తప్పుపట్టి రాయడం లేదు. ఆ పరిహారం డబ్బు నీ కళాశాల ఫీజుకే వెళ్లిందని నీకు ఎవరూ చెప్పి ఉండరు.

సగానికి మించి బెరడు పోయిన చెట్టు ఈ ఏడాది నాలుగు పిక్కలు రాలుస్తుందేమోనని ఆశపడకు. పెంకుపురుగులు బయటికి వచ్చే డిసెంబరుకు ముందే వేళ్లతో సహా పెళ్లగించి తోట దాటించు. నీకు చెయ్యి రాకపోతే నన్ను పిలువు. మోకాళ్లు సహకరించకపోయినా, గొడ్డలివాళ్లతో బేరం నేను మాట్లాడతాను.

పెదనాన్న