అమెరికా ఎయిర్‌పోర్ట్‌లో ఫోన్ అన్‌లాక్ చేయమంటే కాదనొచ్చా?

మీ చెల్లెలు ఎఫ్-1 వీసా మీద మొదటిసారి వెళ్తోందన్నారు. వారంట్ లేకుండా ఫోన్ చూడకూడదని అక్కడి సుప్రీంకోర్టే చెప్పిందట కదా, మరి ఎయిర్‌పోర్ట్‌లో అడిగితే ఇవ్వనని చెప్పొచ్చా అని అడిగారు.

చెప్పొచ్చండి. కానీ చెప్పాక ఏం జరుగుతుందో ముందే తెలిసుండాలి.

మీరు విన్న తీర్పు నిజమే. 2014లో రైలీ కేసులో, అరెస్టయిన మనిషి జేబులో దొరికిన ఫోన్‌ని కూడా వారంట్ లేకుండా తెరవకూడదని తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాటగా చెప్పారు. 2018లో కార్పెంటర్ కేసులో ఇంకాస్త ముందుకెళ్లి, ఫోన్ కంపెనీ దగ్గరుండే పాత లొకేషన్ రికార్డులు తీసుకోవడానికీ మామూలుగా వారంట్ ఉండాలన్నారు. రెండింటికీ ఆధారం అక్కడి రాజ్యాంగంలోని నాలుగో సవరణ, అంటే అకారణ సోదాల నుంచి కాపాడేది. రేపు ఊళ్లో పోలీసు ఆపి ఫోన్ అడిగితే, వీసా మీదున్నా సరే, మీ చెల్లెలు వారంట్ ఉందా అని అడగొచ్చు.

ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర మాత్రం లెక్క వేరు. సరిహద్దులో సోదాకి వారంట్ అక్కర్లేదన్న మినహాయింపు ఎప్పటి నుంచో ఉంది. సామాన్ల కోసం పుట్టిన ఆ రూలు ఫోన్లకి ఎంతవరకు వర్తిస్తుందో సుప్రీంకోర్టు ఇంకా తేల్చలేదు. కింది కోర్టులు తలోమాట చెప్పాయి. కాలిఫోర్నియా వైపున్న తొమ్మిదో సర్క్యూట్ (సుప్రీంకోర్టు కిందుండే ప్రాంతీయ అప్పీళ్ల కోర్టు) 2019లో కొన్ని హద్దులు పెట్టింది. బోస్టన్‌లోని ఒకటో సర్క్యూట్ 2021లో అధికారుల వైపే మొగ్గింది. అంటే ఏ ఎయిర్‌పోర్ట్‌లో దిగారన్నదాన్ని బట్టి హక్కు మారుతుంది. ఒక మనిషి జీవితమంతా ఉండే ఫోన్‌ని బట్టల పెట్టెతో సమానంగా చూడటం నాకైతే అస్సలు మింగుడుపడదు.

హెచ్-1బీ మీద తిరిగొస్తున్నప్పుడు నన్ను సెకండరీకి, అంటే విడిగా కూర్చోబెట్టి మళ్లీ ప్రశ్నించే చోటికి, పంపారు. ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు. ఒక కాగితం ఇచ్చి చదవమని, పాస్‌కోడ్ అడిగాడు. ఇవ్వకపోతే ఏమవుతుందన్నాను. ఫోన్ మా దగ్గర ఉంచుకోవచ్చు, నిన్ను లోపలికి పంపాలా వద్దా అన్నదీ ఆలోచిస్తాం అన్నాడు. అసలు విషయమంతా అక్కడే ఉంది. అమెరికా పౌరుడైతే ఫోన్ పోగొట్టుకున్నా ఇంటికి వెళ్తాడు. వీసా మీదున్నవాళ్లని వెనక్కి పంపేయగలరు. నేను ఇచ్చాను. నా ఎదుటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వాట్సాప్‌లో మా ఇంటి గ్రూపు తెరిచి, తెలుగు మెసేజ్‌లు చూపించి ఇదేంటని అడిగాడు. అమ్మ మందుల చీటీ అని చెప్పాను. తర్వాత ఫోటోల్లో డిలీట్ చేసినవి ఉండే ఫోల్డర్ కూడా తెరిచాడు. బయటికొచ్చాక కూడా చాలాసేపు చేతులు వణికాయి.

అంతగా టెన్షన్ పడక్కర్లేదు. 2024 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 42 కోట్ల మంది ప్రయాణికులు వస్తే సుమారు 47 వేల సోదాలు జరిగాయి, అంటే పది వేల మందిలో ఒకరికి. కాకపోతే ఆ ఒక్కరూ మనమే కావచ్చు కాబట్టి, కాపాడుకోవాల్సినది ఏదైనా ఉంటే విమానం ఎక్కకముందే కాపాడుకోవాలి. సరిహద్దు అధికారుల సొంత రూల్స్ ప్రకారం ఫోన్‌లో నిల్వ ఉన్నదే చూడాలి, ఇంటర్నెట్‌కి కనెక్ట్ చేసి క్లౌడ్‌లో ఉన్నది చూడకూడదు. అందుకే సొంత ఫోటోలు, కాగితాలు క్లౌడ్‌లో పెట్టి ఫోన్‌లోంచి తీసేయమనండి. పూర్తిగా ఖాళీ ఫోన్ మాత్రం వద్దు, అది చూస్తేనే అనుమానం వస్తుంది. అడిగినదానికి అబద్ధం అస్సలు చెప్పొద్దు, అది విడిగా నేరం.

ఫోన్‌కి వేరే పరికరం తగిలించి డేటా కాపీ చేయాలంటే, ఆ రూల్స్ ప్రకారమే, తగిన అనుమానమో జాతీయ భద్రత కారణమో ఉండాలి, పై అధికారి అనుమతీ కావాలి. ఒకవేళ ఫోన్ ఉంచుకుంటే 6051డీ అనే రశీదు అడిగి తీసుకోమనండి. మామూలుగా ఐదు రోజులు దాటకూడదు, కానీ పొడిగించగలరు. ఇంటికొచ్చిన వెంటనే పాస్‌కోడ్, ముఖ్యమైన పాస్‌వర్డ్‌లు మార్చేయాలి. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు నంబర్, ఒక ఇమిగ్రేషన్ లాయర్ నంబర్ కాగితం మీద రాసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టండి. ఫోన్ వాళ్ల చేతిలో ఉన్నప్పుడు కాంటాక్ట్స్ చూసుకోలేదు కదా.