పదో తరగతి అమ్మాయికి ఐఈఎల్‌టీఎస్ ఫౌండేషన్ బ్యాచా?

ప్రశ్న: మా అమ్మాయి సీబీఎస్‌ఈ పదో తరగతి. ఏడు వరకు మా ఊళ్లో తెలుగు మీడియం చదివింది. మొన్న ఇంగ్లీషు రీడింగ్, రైటింగ్ టెస్టులో 30కి 13 వచ్చాయి. లెక్కలు, సైన్సు బాగానే చేస్తుంది. మాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడాలని రూలు పెట్టాను, తెలుగు కథల పుస్తకాలు మాన్పించాను. మా బావమరిది కొడుకు డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఇప్పటి నుంచే ఐఈఎల్‌టీఎస్ (విదేశీ చదువులకు రాసే ఇంగ్లీషు పరీక్ష) ఫౌండేషన్ బ్యాచ్‌లో వేయమంటున్నాడు. అది మంచిదా, మామూలు ట్యూషన్ మంచిదా? జవాబు పత్రం ఫొటోలు కూడా పంపుతున్నాను. (ఒక తండ్రి, హన్మకొండ)

జవాబు: రెండిట్లో ఏది మంచిదో చెప్తాను గానీ, ముందు మీ అసలు భయం సంగతి చూద్దాం. ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి ఏడాదీ జూలై, ఆగస్టుల్లో వస్తూనే ఉంటాయి. అడిగేది కోచింగ్ గురించే. లోపల మాత్రం ‘తెలుగు మీడియంలో వేసి పిల్లకు అన్యాయం చేశామా?’ అన్న దిగులు. చేయలేదు. ఏడేళ్లు తనకు అర్థమయ్యే భాషలో చదువుకుంది కాబట్టే లెక్కలూ సైన్సూ గట్టిగా ఉన్నాయి. ఎనిమిదిలో మీడియం మారిన పిల్ల 30కి 13 తెచ్చుకుందంటే కంగారు పడాల్సింది లేదు.

ఫొటోలు చూశాను. మీరు మార్కులు చూసి ఆగిపోయినట్టున్నారు, ఆమె రాసింది చదవలేదు. రోడ్డు బాగు చేయమని పత్రికకు రాసిన ఉత్తరం ఉంది కదా. మొదటి మూడు లైన్లు ‘ఐ వుడ్ లైక్ టు డ్రా యువర్ కైండ్ అటెన్షన్’ అంటూ గైడులో ఉన్నది ఉన్నట్టు. ఒక్క తప్పు లేదు, ఒక్క మాట ఆమెది కాదు. నాలుగో లైనులో సొంతంగా రాసింది: ‘ఇన్ అవర్ రోడ్ ఆటో ఈజ్ ఫెల్ డౌన్ అండ్ మై గ్రాండ్‌మదర్ లెగ్ హర్ట్.’ టీచరు దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. తప్పులున్న మాట నిజమే. కానీ ఆ కాగితం మొత్తంలో చెప్పడానికి విషయం ఉన్న వాక్యం అదొక్కటే. ఆ పిల్లకు రాయడం వచ్చు, దిద్దేవాళ్లు లేరు.

రీడింగ్‌లో ఇంకో సంగతి. గ్రామస్థులు చెరువు నీళ్లు వాడటం ఎందుకు మానేశారన్న ప్రశ్నకు, ప్యాసేజీలో ‘విలేజర్స్’ అన్న మాట ఎక్కడుందో వెతికి, ఆ మూడు లైన్లూ ఎత్తి రాసేసింది. జవాబు ఆ పక్క లైనులో ఉంది. ఇది ఇంగ్లీషు రాకపోవడం వల్ల వచ్చింది కాదు. ప్రశ్నలోని మాట కనపడితే చాలు, అదే జవాబనుకోవడం ఎక్కడో అలవాటైంది. ఎవరో ట్యూషన్‌లో నేర్పిన చిట్కా అయినా ఆశ్చర్యపోను.

ఇప్పుడు ఫౌండేషన్ బ్యాచ్ సంగతి. ఈ మధ్య ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు కూడా దీన్ని అమ్ముతున్నారు. నాకు దీని మీద ఏ మాత్రం నమ్మకం లేదు. ఐఈఎల్‌టీఎస్ నిర్వాహకులే 16 ఏళ్లలోపు వాళ్లకు ఆ పరీక్ష తగదంటున్నారు. స్కోరు సాధారణంగా రెండేళ్లకే చెల్లుతుంది. మీ అమ్మాయి ఇంటర్, బీటెక్ పూర్తిచేసి ఎంఎస్‌కు వెళ్లేసరికి కనీసం ఆరేళ్లు పడుతుంది. అప్పటికి ఆ పరీక్ష ఏ రూపంలో ఉంటుందో! ఆ క్లాసుల్లో చెప్పేదేమిటో కూడా చూడండి. ‘ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్’ ప్రశ్నల్లో జవాబు పట్టేసే కిటుకులు, వ్యాసం మొదట్లో పెట్టే రెడీమేడ్ వాక్యాలు. కంఠతా పట్టి రాసినట్టు కనిపిస్తే అక్కడ ఎగ్జామినర్లు మార్కులు తగ్గిస్తారు. పైగా మీ అమ్మాయికున్న జబ్బే అది. దానికి ఇంకో డోసు డబ్బిచ్చి మరీ కొంటారా?

ఇంకో విషయం ఆ బ్యాచ్‌వాళ్లు మీకు చెప్పి ఉండరు. సీబీఎస్‌ఈ పదో తరగతిలో ఫార్మల్ లెటర్‌తో పాటు అనలిటికల్ పారాగ్రాఫ్ ఉంది, 100 నుంచి 120 మాటల్లో. చార్టో గ్రాఫో ఇచ్చి, అందులో కనపడేదేమిటో రాయమంటారు. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రైటింగ్‌లో మొదటి ప్రశ్నా దాదాపు ఇదే, మాటలు కనీసం 150 ఉండాలి, అంతే తేడా. స్కూల్లో ఉన్నదాన్నే బయట పేరు మార్చి అమ్ముతున్నారు.

ఇక కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకండి. ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడాలన్న రూలు ఈ రోజే ఎత్తేయండి. మీకు రాని భాషలో ఆ పిల్ల మీతో ఏం మాట్లాడుతుంది? ఆకలేస్తోంది, స్కూలుకు టైమైంది, అంతకు మించి నోరు విప్పదు. పదిహేనేళ్ల పిల్ల తండ్రితో మాట్లాడటం మానేస్తే ఆ నష్టానికి ఐఈఎల్‌టీఎస్‌లో వచ్చే ఏ బ్యాండ్ స్కోరూ సరిపోదు. తెలుగు కథలు మాన్పించడం ఇంకా పెద్ద తప్పు. రీడింగ్ టెస్టులో పనికొచ్చే ఓపిక అక్కడే వస్తుంది. ఆ పుస్తకాలు తిరిగి ఇచ్చేయండి. మీ ఉత్తరంలో మీ అమ్మాయికి ఏమిష్టమో ఒక్క ముక్క లేదు, డాలస్ అబ్బాయి గురించి మాత్రం ఉంది. ఆ పోలిక ఆమె చెవిన పడకుండా ఉంటుందా?

ట్యూషన్ పెట్టాలనుకుంటే పెట్టండి, కానీ గైడు చెప్పే ట్యూషన్ వద్దు. వారానికి ఒక ఉత్తరం, ఒక పారాగ్రాఫ్ రాయించి, దిద్ది, అదే మళ్లీ రాయించేవాళ్లు కావాలి. మళ్లీ రాయించడమే ముఖ్యం. ఎర్ర సున్నాలు చూసి కాగితం పక్కన పడేస్తే ఏమీ రాదు. అడిగితే స్కూలు టీచరే చేసిపెట్టొచ్చు, ముందు ఆవిడను కలవండి. శాంపిల్ పేపర్లు మార్కింగ్ స్కీమ్‌తో సహా సీబీఎస్‌ఈ అకడమిక్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

మీరు చేయగలిగిందీ ఒకటుంది, దానికి ఇంగ్లీషు అక్కర్లేదు. రాత్రి భోజనాలయ్యాక ఆమె ఒక ప్యాసేజీ చదివి పుస్తకం మూసేయాలి. ‘ఏముందమ్మా అందులో?’ అని అడగండి, తెలుగులోనే చెప్పనివ్వండి. ‘అంటే ఎందుకు మానేశారు?’ అని రెట్టించండి. చెప్పలేకపోతే మళ్లీ తెరిచి చూసుకుంటుంది. చెప్పగలిగిందాన్ని ఇంగ్లీషులో రెండు వాక్యాల్లో రాయమనండి. ఆర్టికల్స్, ‘ఈజ్ ఫెల్’ లాంటివి మన పిల్లలందరూ చేసే తప్పులే, రాస్తూ దిద్దుకుంటూ ఉంటే పోతాయి. బోర్డు పరీక్షలో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదవడానికే ఇస్తారు. ఆ టైములో రెండు ప్యాసేజీలూ ఒకసారి చదివేయడం ఇంట్లోనే అలవాటు చేయండి.

మార్కులు తక్కువొస్తాయన్న బెంగ ఇంకా ఉంటే, 2026 నుంచి సీబీఎస్‌ఈ పదో తరగతికి రెండోసారి రాసే అవకాశం పెట్టింది. మూడు సబ్జెక్టుల దాకా మార్కులు పెంచుకోవచ్చు, వాటిలో భాషలూ ఉన్నాయి.

బ్యాచ్‌కి అడ్వాన్సు కట్టేశారో లేదో రాయలేదు. కట్టి ఉంటే వెనక్కి అడగండి. ఇవ్వనంటే వదిలేయండి, అంతేగానీ డబ్బులు పోతాయని పిల్లను అక్కడికి పంపకండి.