పసుపు దీపం వెలగగానే పర్సు తీయకు

నాయనా, కర్నూలు నుంచి చికాగో వచ్చి నాలుగు నెలలే అయిందన్నావు. గుర్రపు నాడా మధ్యలో ఆశ్చర్యార్థకం ఉన్న పసుపు దీపం కారులో వెలిగిందని, షాపువాళ్లు నాలుగు టైర్లలో గాలి ఒత్తిడి కనిపెట్టే సెన్సర్లూ మార్చాలన్నారని రాశావు. డబ్బు ఇంకా కట్టలేదు కదా? కట్టకు. ముందు నా సంగతి విను.

2010 జనవరిలో నాకూ ఇదే దీపం వెలిగింది. బయట మైనస్ 15 డిగ్రీలు. కర్నూలు ఎండకు టైరు పేలుతుందని భయపడ్డవాళ్లమే గాని, చలికి గాలి తగ్గుతుందని మనకెవరు చెప్పారు? అడిగిందే తడవుగా 240 డాలర్లు కట్టేశాను. అప్పటి లెక్కన 11 వేల రూపాయలు. ఇంటికి నెలనెలా పంపేది అంతే, ఆ నెల పంపలేకపోయాను. అమ్మ కిరాణా కొట్టులో అప్పు రాయించుకుందని తర్వాత చెల్లెలు చెబితే తెలిసింది.

తీరా చూస్తే పాత సెన్సర్లు బాగానే ఉన్నాయి. ఐదారు డిగ్రీల చలి పెరిగితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది, టైరు గాలిని ఇక్కడ కొలిచేది ఆ లెక్కలోనే. సెప్టెంబరులో 25 డిగ్రీలున్నప్పుడు 32 పట్టించాను. అందులో ఏడు చలికే పోయింది, రబ్బరులోంచి నెలనెలా జారిపోయేది అదనం. ఉండాల్సిన గాలిలో నాలుగో వంతు తగ్గేసరికి దీపం వెలగాలని ఇక్కడి చట్టం. మిగతా నిబంధనలు నువ్వే చదువుకో.

దీపం నిలకడగా వెలిగితే గాలి తక్కువైందని అర్థం. కారు స్టార్ట్ చేయగానే నిమిషం, నిమిషమున్నర మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలుగుతూ ఉండిపోతే లోపం గాలిని కనిపెట్టే ఏర్పాటులోనే ఉంది. పాత కారైతే సాధారణంగా సెన్సరు బ్యాటరీ అయిపోయి ఉంటుంది. అది ఐదు నుంచి పదేళ్లు వస్తుంది. బ్యాటరీని విడిగా మార్చరు, సెన్సరే మార్చాలి. అయినా నాలుగూ ఒకేరోజు పోతాయా? చేతిలో పట్టుకునే పరికరాన్ని ఒక్కో చక్రం వాల్వు దగ్గర పెడితే ఏది పలకడం లేదో తెలిసిపోతుంది. నా ఎదుట చూపించండని అడుగు, మొహమాటపడకు. 2018లో నేను అడిగాను. వెనుక కుడి చక్రానిది ఒక్కటే పోయింది. కొత్త టైర్లు వేయించేటప్పుడే దాన్నీ మార్పించాను, టైరు విప్పే కూలి మిగిలింది.

కొన్ని కార్ల చక్రాల్లో సెన్సరే ఉండదు. గాలి తగ్గిన చక్రం కాస్త వేగంగా తిరగడాన్ని ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, పసిగడుతుంది, అంతే. నీ కారు అలాంటిదైతే మార్చడానికేముంది? గాలి నింపి రీసెట్ చేస్తే చాలు. కారుతో వచ్చిన పుస్తకంలో చూసుకో.

ఒక్క చక్రంలోనే పదేపదే తగ్గుతుంటే, కొండారెడ్డి బురుజు దగ్గర పంక్చరు కొట్టులో వాల్వు మీద వేలితో ఉమ్మి తడి అద్ది బుడగ కోసం చూసేవారే, అది గుర్తు తెచ్చుకో. సబ్బు నీళ్లతో నువ్వూ అదే చెయ్యి. బుడగ లేస్తే వాల్వు లోపలి పిన్ను మార్పించు. అల్యూమినియం వాల్వులో మాత్రం మామూలు ఇత్తడి పిన్ను వేయనివ్వకు, తుప్పు పట్టి ఇరుక్కుపోతుంది. నికెల్ పూత ఉన్నదే అడుగు. ఆ చిన్న పిన్ను ఇరుక్కుంటే మళ్లీ సెన్సరు ఖర్చు నీ నెత్తినే.

గాలి కొలిచే గేజి ఒకటి కొను, పది డాలర్లు. రేపు ఉదయం కారు కదపకముందే నాలుగు చక్రాలూ కొలువు. డ్రైవరు తలుపు తీస్తే పక్కన అతికించిన చీటీ కనిపిస్తుంది, అందులో ఉన్న అంకే నీకు లెక్క. టైరు మీద అచ్చయింది గరిష్ఠ పరిమితి, అంత నింపకు. నాలుగు అంకెలూ రాసి నాకు పంపు. షాపు సంగతి ఆ తర్వాత చూద్దాం.